విన్నవాడూ, వేలెత్తి చూపినవాడూ

మానసిక వైద్యుడు ఆర్.డి. లైంగ్ 1989 ఆగస్టు 23న ఫ్రాన్స్‌లోని సెయింట్ ట్రోపేలో టెన్నిస్ ఆడుతూ గుండె ఆగి పడిపోయాడు. వయసు అరవై ఒకటి. అప్పటికి రెండేళ్లుగా బ్రిటన్ వైద్యుల రిజిస్టరులో అతని పేరు లేదు. ఒకప్పుడు అతను మాట్లాడుతున్నాడంటే హాళ్లు చాలేవి కావు, విశ్వవిద్యాలయాల కుర్రకారు అతని పుస్తకాలు వెంటేసుకు తిరిగేవారు. మతి చెదిరినవాళ్ల మాటకూ అర్థం ఉంటుందని, ఓపిగ్గా కూర్చుంటే అది వినబడుతుందని లోకానికి నచ్చజెప్పిన మనిషి అతను. అది నిజమే. ఆ నిజాన్ని పట్టుకుని అతను ఎంత దూరం పోయాడో, ఆ దారిలో ఎవరు నలిగిపోయారో చెప్పుకోవలసి ఉంది.

1927లో గ్లాస్గోలో ఒక్కగానొక్క కొడుకుగా పుట్టాడు. 1951లో వైద్య పట్టా పుచ్చుకుని సైనిక ఆసుపత్రిలో మానసిక వైద్యుడిగా చేరాడు. స్కిజోఫ్రీనియా వచ్చినవాళ్లకు ఇన్సులిన్ ఎక్కించి కోమాలోకి దింపి, మళ్లీ లేపడం ఆ రోజుల్లో గొప్ప చికిత్స. రోగులతో మాటలు పెట్టుకోవద్దని సిబ్బందికి ఆజ్ఞ. ఈ కుర్ర డాక్టరు మాత్రం గోడలకు మెత్తలు కుట్టిన గదిలోకి వెళ్లి, కేకలు పెట్టే రోగి పక్కన నేల మీద కూర్చుని వినేవాడు. ఆ గదిలో తనకు ఎందుకో హాయిగా ఉండేదని తర్వాత రాసుకున్నాడు.

సైన్యం నుంచి వచ్చాక గ్లాస్గోలోనే గార్ట్‌నేవెల్ ఆసుపత్రిలో పనిచేశాడు. ఏళ్ల తరబడి వార్డులో ఎవరికీ పట్టకుండా ఉండిపోయిన ఆడవాళ్లలో పన్నెండు మందిని ఎంచి, వాళ్లకు వెలుతురున్న ఒక గదిని, చేసుకోవడానికి పనిని, రోజూ అదే ఇద్దరు నర్సుల తోడును ఏర్పాటు చేశారు. కొద్దికొద్దిగా వాళ్లు మనుషుల్లో పడ్డారు. లైంగ్ చెప్పిన ప్రకారం ఏడాదిన్నరలో పన్నెండు మందీ ఇళ్లకు వెళ్లారు. మరో ఏడాది తిరిగేలోగా పన్నెండు మందీ ఆసుపత్రికి తిరిగొచ్చారు.

అతని జీవితం అక్కడే మలుపు తిరిగిందని నాకనిపిస్తుంది. ఆసుపత్రిలో కోలుకున్న మనిషి ఇంటికెళ్లి మళ్లీ జబ్బుపడితే, జబ్బు పుట్టింది ఇంట్లోనే అనుకోవడం ఎంత తేలిక! అప్పటికే అట్లాంటిక్ అవతల ఆ మాటకు శాస్త్రం హోదా దొరికింది. 1948లో ఫ్రీడా ఫ్రామ్-రైక్‌మన్ అనే ప్రసిద్ధ మానసిక విశ్లేషకురాలు, స్కిజోఫ్రీనియాను పుట్టించే తల్లి ఒకతె ఉంటుందని రాసింది. ప్రేమ లేకుండా శాసించే తల్లి అట. రోగుల పట్ల అపారమైన దయ గల డాక్టరుగా పేరున్న మనిషి కలం నుంచే ఆ మాట వచ్చింది. రోగి మీద దయ తల్లి మీద కోపంగా మారడానికి ఎంతో దూరం లేదన్నమాట.

1956లో గ్రెగరీ బేట్సన్ బృందం కాలిఫోర్నియా నుంచి ఇంకో సిద్ధాంతం తెచ్చింది. వాళ్లు చెప్పిన సంఘటన చదివితే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఆసుపత్రిలో కొంత తేరుకున్న కుర్రవాణ్ణి చూడటానికి తల్లి వచ్చింది. వాడు సంతోషంగా ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె బిగుసుకుపోయింది. వాడు చెయ్యి తీసేశాడు. నేనంటే ఇక ఇష్టం లేదా అని ఆమె అడిగింది. వాడి మొహం ఎర్రబడింది. ఇంత బిడియపడితే ఎలాగని ఆమె మళ్లీ మందలించింది. చెయ్యి వేసినా తప్పే, తీసినా తప్పే, సిగ్గుపడినా తప్పే. ఆమె వెళ్లాక వాడు ఆసుపత్రి ఉద్యోగి మీద చెయ్యి చేసుకున్నాడు. ఇలా ఎటూ కదలనివ్వని మాటల ఉచ్చులో ఏళ్ల తరబడి పెరిగినవాడికి మతి చెదరక ఏమవుతుందన్నారు. తల్లి ఎందుకు బిగుసుకుపోయిందో ఎవరూ అడగలేదు. అంతకుముందు ఎన్ని నెలలు ఆ కొడుకు ఆమెను పరాయిదానిలా చూశాడో, ఎన్ని రాత్రులు ఆమె వాడికి భయపడి మేలుకుని ఉందో ఆ పేజీల్లో కనబడదు.

1960లో లైంగ్ మొదటి పుస్తకం ‘ది డివైడెడ్ సెల్ఫ్’ వచ్చింది. అందులో ఒక చోటు ఈనాటికీ మానసిక వైద్యం చదివేవాళ్లందరూ చదవాలి. జర్మన్ మహావైద్యుడు ఎమిల్ క్రేప్‌లిన్ విద్యార్థుల ముందు ఒక రోగిని నిలబెట్టి ప్రశ్నలు వేస్తాడు. కుర్రవాడు ఏదేదో అరుస్తాడు. పనికొచ్చే సమాచారం ఒక్కటీ ఇవ్వలేదని ప్రొఫెసరు రాసుకున్నాడు. అవే అరుపులను లైంగ్ మళ్లీ చదివి చూపించాడు. కుర్రవాడు తనను జనం మధ్య ప్రదర్శనకు పెట్టిన ప్రొఫెసరునే అనుకరిస్తున్నాడు, అవమానానికి ఎదురు తిరుగుతున్నాడు. అర్ధ శతాబ్దం పాటు రోగలక్షణంగా చెలామణీ అయిన కేకలు ఒక్కసారిగా మనిషి మాటలయ్యాయి. లైంగ్ ఇంకేమీ రాయకపోయినా ఈ ఒక్క పనికి అతన్ని తలుచుకోవాలి.

అక్కడ ఆగలేదు. 1964లో ఏరన్ ఎస్టర్‌సన్‌తో కలిసి, స్కిజోఫ్రీనియా ఉందన్న పదకొండు మంది ఆడవాళ్ల కుటుంబాలతో జరిపిన సంభాషణలను అచ్చువేశాడు. కన్నవాళ్లు ఒకటంటూ ఇంకొకటి చేస్తారు, కళ్లతో సైగలు చేసుకుని లేదంటారు, కూతురు కళ్లారా చూసినదాన్ని నీ భ్రమ అంటారు. చదువుతుంటే ఊపిరాడదు. కానీ పక్కన పెట్టి పోల్చడానికి మామూలు కుటుంబాలు ఆ పుస్తకంలో లేవు. ఏ ఇంట్లో అబద్ధాలు, సైగలు ఉండవు? ఏళ్ల తరబడి బిడ్డ జబ్బుతో సతమతమైన ఇల్లు ముందునుంచీ అలాగే ఉందని ఎలా తెలుస్తుంది? కారణమేదో, పర్యవసానమేదో తేల్చే ప్రశ్న అడగకుండానే తీర్పు వెలువడింది. 1967 నాటికి పిచ్చి అనేది జబ్బే కాదని, పిచ్చెక్కిన లోకం నుంచి మనిషి చేసే ప్రయాణమనీ చెప్పే స్థితికి వచ్చాడు.

ఆ ప్రయాణానికి చోటు కావాలి కదా. 1965లో తూర్పు లండన్‌లో కింగ్స్‌లీ హాల్ అద్దెకు దొరికింది. 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లినప్పుడు గాంధీ బస చేసింది ఆ ఇంట్లోనే. అందులో డాక్టర్లూ రోగులూ తేడా లేకుండా కలిసి బతకాలి, మందులు బలవంతంగా వెయ్యకూడదు, ఎవరి పతనాన్ని వారు పూర్తిచేసుకుని పైకి రావాలి. మేరీ బార్న్స్ అనే నర్సు అక్కడ చంటిపిల్లలా మారి, సీసాతో పాలు తాగి, మలంతో గోడలు పూసి, చివరికి చిత్రకారిణిగా లేచింది. ఆమె కథ ప్రపంచమంతా తిరిగింది. మిగతావాళ్లలో అలాంటి కథ ఇంకెవరిదీ అంతగా వినబడలేదు. లైంగ్ ఏడాదికి పైగా ఉండి వెళ్లిపోయాడు. ఇరుగుపొరుగు పిల్లలు కిటికీలు పగలగొట్టారు. 1970లో ఖాళీ చేసేనాటికి ఇల్లు శిథిలంలా మిగిలింది.

అదే కాలంలో అమెరికాలో లెనార్డ్ హెస్టన్ అనే వైద్యుడు నిశ్శబ్దంగా ఒక లెక్క తీశాడు. ఆరెగాన్ ఆసుపత్రుల్లో స్కిజోఫ్రీనియాతో ఉన్న తల్లులకు పుట్టి, మూడు రోజుల్లోపే వేరై, వేరే చోట్ల పెరిగిన 47 మందిని పెద్దయ్యాక వెతికి పట్టుకున్నాడు. వారిలో ఐదుగురికి ఆ జబ్బు వచ్చింది. పోలికకు తీసుకున్న మరో 50 మందిలో ఒక్కరికీ రాలేదు. 1966లో అచ్చయిన ఈ లెక్కతో, ఆ తర్వాత డెన్మార్క్‌లో దత్తు పిల్లల మీద జరిగిన పరిశోధనలతో, పెంపకమే మూలమన్న వాదం కూలిపోయింది. ఆ ఐదుగురినీ ఆ తల్లులు పెంచనేలేదు.

లైంగ్ కూడా ఆ తర్వాత కోలుకోలేదు. 1971లో సిలోనుకు, అక్కణ్ణుంచి భారతదేశానికి వచ్చి ధ్యానం నేర్చుకున్నాడు. తిరిగి వెళ్లాక జననానుభవాన్ని మళ్లీ అనుభవింపజేసే తంతుల్లో పడ్డాడు. తాగుడు ముదిరింది. కుటుంబాల లోగుట్టు విప్పి చెప్పినవాడికి నలుగురు స్త్రీలతో పదిమంది పిల్లలు. వాళ్లలో ఏడ్రియన్ పెద్దవాడై తండ్రి జీవితచరిత్ర రాశాడు. తమను వదిలేసి వెళ్లిన తండ్రి అందులో కనబడతాడు. ఫిర్యాదు వచ్చి 1987లో రిజిస్టరు నుంచి పేరు తీయించుకోవలసి వచ్చింది.

నాకు ఎక్కువ బాధ కలిగించేది మరొకటి. అతని సిద్ధాంతంతో పాటు, అతను వినమన్న మాట కూడా చాలాకాలం చెత్తబుట్టలో పడింది. జన్యువులు, మెదడు రసాయనాలు తప్ప మరేదీ అడగరాదన్న ధోరణి వచ్చింది. కానీ ఒకే రూపు కవలల్లో ఒకరికి జబ్బుంటే, అచ్చు అదే జన్యువులున్న రెండోవారికి సగం సందర్భాల్లోనైనా రాదు. మిగతా కారణాల్లో కొన్నయినా బతుకులో ఉండాలి. చిన్ననాటి హింస, నిర్లక్ష్యం, వేధింపులు అనుభవించినవారికి సైకోసిస్ (మతి చెదిరి వాస్తవంపై పట్టు తప్పడం) ముప్పు రెండున్నర రెట్లకు పైగా ఉంటుందని 2012లో పాత అధ్యయనాలన్నిటినీ కలిపి చూసినప్పుడు తేలింది. పరాయి గడ్డకు వలసవెళ్లినవారిలో ఈ జబ్బు ఎక్కువని 1932లోనే నార్వే వైద్యుడు ఓడెగార్డ్ మిన్నెసోటా వలసదారుల్లో గమనించాడు. గార్ట్‌నేవెల్ ఆడవాళ్లు ఎందుకు తిరిగొచ్చారన్న ప్రశ్నకూ కొంత జవాబు దొరికింది. జార్జ్ బ్రౌన్, జూలియన్ లెఫ్ వంటివారు ఇళ్లను కొలిచి చూశారు. అస్తమానం తప్పుపట్టి కసురుకునే ఇంట్లో, లేదా అతి ఆందోళనతో ఊపిరాడనివ్వని ఇంట్లో జబ్బు త్వరగా తిరగబెడుతుంది. మందులు వాడుతూ, ఇంటివాళ్లకు జబ్బు గురించి వివరిస్తే తగ్గుతుంది. చండీగఢ్‌లో చూస్తే అలాంటి ఇళ్లు లండన్‌లో కంటే తక్కువ కనబడ్డాయి. తిరగబెట్టడానికి ఇల్లు ఒక కారణం కావచ్చు. పుట్టించింది తల్లే అనడం వేరు. ఈ రెంటి మధ్య గీతను గౌరవించి ఉంటే లైంగ్ ఈనాటికీ పాఠ్యపుస్తకాల్లో మొదటి పేజీలో ఉండేవాడు.

రెండు తరాల తల్లులు డాక్టరు గదుల్లోంచి దోషుల్లా బయటికొచ్చారు. వాళ్లలో కొందరు అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో కూడి, కుటుంబాల కోసం సంఘం పెట్టారు. 1979లో అది దేశవ్యాప్తమైంది. నిందించిన వృత్తి మాత్రం వాళ్లను క్షమాపణ అడిగిందని చెప్పలేం.

మన ఇళ్లలో ఈ నింద శాస్త్రం పేరుతో రాలేదు, పెంపకం పేరుతో, చేసుకున్న పాపం పేరుతో వచ్చింది. తీసుకొచ్చింది బంధువులే. పెళ్లి చేస్తే కుదురుతుందని సలహా కూడా వాళ్లే ఇస్తారు. మీ బంధువర్గంలో ఎవరి పిల్లాడో చెవిలో గొంతులు వినబడుతున్నాయంటే, గదిలోంచి బయటికి రావడం మానేస్తే, ఆ తల్లిని ఏం చేశావని అడక్కండి. పిల్లాడు చెప్పేది వినండి, ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లడానికి తోడు వెళ్లండి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.