ఔత్సాహిక వడ్రంగం: కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో చెక్క సామాను సామాజిక చరిత్ర

వ్యాససంగ్రహం: సొంత చేతులతో ఇంటికి కావలసిన చెక్క సామాను చేసుకోవడం, పాతదాన్ని విప్పి మెరుగుపెట్టుకోవడం నేడు తీరిక సమయపు వ్యాపకంగా కనిపిస్తుంది. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో ఈ వ్యాపకం వెనుక పనిముట్టుపై కులానికున్న హక్కు, కలపపై రాజ్యానికున్న హక్కు, ఆసనంపై గడీకున్న హక్కు సడలుతూ వచ్చిన చరిత్ర ఉంది. ఆ సడలింపు వృత్తి వడ్రంగికి ఏ విధంగా పరిణమించిందో కూడా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వడ్రంగం, వడ్లవారు, టేకు, గడీ, అటవీ చట్టం, లక్క మెరుగు, ఔత్సాహికుడు.

1. ప్రవేశిక

కామారెడ్డి, ఎల్లారెడ్డి రెండూ 2016 అక్టోబరు 11న ఏర్పడిన కామారెడ్డి జిల్లాలోని పట్టణాలు. అంతకుముందు ఇవి నిజామాబాదు జిల్లాలో భాగం. ఒకే జిల్లాకు చెందినవైనా కలప విషయంలో వీటి స్వభావం ఒకటి కాదు. కామారెడ్డి సికింద్రాబాదు–మన్మాడు రైలుమార్గం మీద, నేటి 44వ జాతీయ రహదారి మీద ఉన్న వ్యాపార కేంద్రం. బెల్లం మార్కెట్టుకు పేరుపొందిన ఈ ఊరికి దూరప్రాంతాల సరుకు రావడం కొత్తకాదు. ఎల్లారెడ్డికి రైలు లేదు. దానికి ఒకవైపు మంజీరపై 1923–31 మధ్య నిర్మించిన నిజాంసాగర్, మరోవైపు పోచారం జలాశయం, దాన్ని ఆనుకొని ఒకప్పటి నిజాం వేటస్థలమైన అడవి ఉన్నాయి. కనుక కామారెడ్డిలో కలప అంటే అడితిలో కొనేది. ఎల్లారెడ్డి పరిసర గ్రామాల్లో అది కళ్లెదుట నిలిచి ఉన్నా ముట్టుకోవడానికి వీల్లేనిది.

ఐరోపాలో ఔత్సాహిక వడ్రంగం పారిశ్రామిక నగరజీవితపు తీరిక నుంచి పెరిగిందని చెప్పడం పరిపాటి. ఆ నమూనాను ఇక్కడికి యథాతథంగా తెస్తే రెండు విషయాలు మరుగున పడతాయి. మొదటిది, రైతు ఇంట్లో చెక్కపని ఎప్పుడూ కొంత జరుగుతూనే ఉండేది. రెండవది, ఆ కొంత ఎక్కడ ఆగాలో నిర్ణయించినది తీరిక కాదు.

2. బాడిశ ఎవరి చేతిది?

తెలంగాణలో వడ్రంగిని ‘వడ్ల’ అంటారు. సంస్కృత ‘వర్ధకి’, ప్రాకృత ‘వడ్ఢకి’ రూపాలతో ఈ మాటకు సంబంధం ఉంది. వడ్ల, కమ్మరి, కంచరి, అవుసుల, కాసె వృత్తులవారిని కలిపి పంచబ్రహ్మలుగా, విశ్వబ్రాహ్మణులుగా వ్యవహరిస్తారు. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లోను, నిజాం రాజ్యానికి సంబంధించి సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లోను ప్రచురించిన గ్రంథాలు ఈ సముదాయాన్ని నమోదు చేశాయి. ఎస్.సి. దూబే హైదరాబాదు సమీపంలోని శామీర్‌పేటను అధ్యయనం చేసి 1955లో వెలువరించిన గ్రంథంలో వృత్తిపనివారికి, రైతులకు మధ్య ఉండిన ధాన్యసంబంధాన్ని వివరించారు. రైతు పనిపనికీ డబ్బు ఇవ్వడు. పంట కల్లంలో ఏటా గింజలు కొలుస్తాడు. బదులుగా నాగలి, గొర్రు, గుంటక, బండి చక్కగా నడిచే బాధ్యత వడ్లవారిది. వడ్లవారికి వడ్లు కొలవడం భాషలో కాకతాళీయమే గాని, వ్యవస్థలో కాదు.

ఈ ఒప్పందంలో వ్యవసాయ పనిముట్లు లోపల, ఇంటి సామాను వెలుపల ఉండేవి. దర్వాజ, పెండ్లి పీటలు, మంచపు కోళ్లు, ఊయల వంటివి చేసినప్పుడు వేరే కూలి గాని, కొత్తబట్టలు గాని ఇవ్వాలి. దర్వాజ నిలబెట్టిన రోజున వడ్లాయనకు చేసే మర్యాద ఇప్పటికీ చాలా గ్రామాల్లో ఉంది. అంటే ఇంటి సామాను మొదటినుంచీ అదనపు ఖర్చు. ఖర్చు పెట్టలేని ఇంట్లో మంచం, పీట మినహా చెక్క సామాను ఉండేది కాదు.

ఇక్కడే ఒక ఆసక్తికరమైన సరిహద్దు కనిపిస్తుంది. నులకమంచం చట్రం వడ్లాయన చేస్తాడు. నులక అల్లిక ఇంటివారిది. కోడుకు బెజ్జం తొలిచి పట్టెను బిగించడం వృత్తి. వదులైన మంచాన్ని కాళ్లదిక్కు తాళ్లు లాగి బిగించడం గృహకృత్యం. గొడ్డలికి, పారకు పిడి తొడగడం, పగిలిన పీటకు అడ్డుపట్టీ కొట్టడం, రోకలి నున్న చేసుకోవడం ఎవరైనా చేసేవారు. చేయనిది కుసి, బెజ్జం కలిపే పని. చేతకాక కాదు, ఉలి, బాడిశ, చిత్రిక కొని ఇంట్లో పెట్టుకోవడం అంటే మరొకరి గింజలకు అడ్డుపడటం. మన ప్రాంతపు తొలి ఔత్సాహికుణ్ణి వెతకాలంటే ఉలి పట్టినవాడి కోసం కాక, నులక అల్లినవాడి కోసం చూడాలని నా అభిప్రాయం.

3. కూర్చునే ఎత్తు

చెక్క సామాను పేర్లను ఒకచోట పేర్చితే చరిత్ర తనంతట తానే రెండు పొరలుగా విడిపోతుంది. పీట, మంచం సంస్కృత మూలాలు గలవి, నేలకు దగ్గరివి. కుర్చీ, మేజా, అల్మారి, సందుగ అనేవి అరబ్బీ, పారసీ, పోర్చుగీసు మూలాల నుంచి ఉర్దూ ద్వారా, దఫ్తరు ద్వారా వచ్చినవి. పనిముట్లలోనూ ఇదే. నిఘంటువులో చిత్రిక, రంపం ఉన్నా ఈ ప్రాంతపు పనివారి నోట ‘రంద’, ‘ఆరి’, ‘గునియా’ వినిపిస్తాయి.

కొత్త వస్తువులు తొలుత చేరిన చోటు గడీ. కామారెడ్డికి సమీపంలోని దోమకొండ సంస్థానం గడీ ఇందుకు ప్రముఖ ఉదాహరణ. ఆ కోట పరిరక్షణకు 2022లో యునెస్కో ఆసియా–పసిఫిక్ పురస్కారాల్లో గుర్తింపు లభించింది. గడీల కాలంలో దొర ఎదుట, పటేలు ఎదుట కుర్చీలోనో మంచం మీదనో కూర్చోవడం ధిక్కారం. గడీ ముందునుంచి వెళ్లేవారు చెప్పులు చేతపట్టుకోవలసిన కాలంలో ఇంట్లో కుర్చీ చేయించుకోవడం కేవలం డబ్బుకు సంబంధించిన విషయం కాలేదు. 1949లో జాగీర్ల రద్దు, ఆ తరువాతి భూసంస్కరణలు, పంచాయతీ ఎన్నికలు ఈ మర్యాదను క్రమంగా పలుచన చేశాయి. పాత ఇళ్లలో కనిపించే వంకరటింకర కుర్చీ, ఒక కాలు పొట్టిగా, వీపుపలక నిటారుగా ఉన్నది, వృత్తిపనివాడి చేతిది కాదని చూడగానే తెలుస్తుంది. దాన్ని అపురూపంగా చూడవలసినది పనితనం కోసం కాదు.

4. కలప ఎవరిది?

పనిముట్టు దొరికినా కలప దొరకాలి. ఇక్కడి అడవి పొడి ఆకురాల్చు రకం. టేకు, నల్లమద్ది, ఏగిశ, చిరుమాను, తునికి, మోదుగ దీని ప్రధాన వృక్షాలు. ఊరి చుట్టూ తుమ్మ, వేప, మామిడి, చింత. వీటి వినియోగంలో ఖచ్చితమైన విభజన ఉండేది. బండి ఇరుసుకు, చక్రపు ఆకులకు దెబ్బకు ఓర్చే తుమ్మ, దూలాలకు నల్లమద్ది, దర్వాజకు దొరికితే టేకు, లేకుంటే వేప. టేకు ప్రత్యేకత బలం ఒక్కటే కాదు. దాని చేవలోని సహజతైలం చెదలను దూరం పెడుతుంది. ఎండకు, వానకు అది తక్కువగా ఉబ్బుతుంది, తక్కువగా కుంచించుకుపోతుంది. నిటారుగా చీలుతుంది కనుక కొత్తచేయి వేసిన రంద కూడా సాఫీగా నడుస్తుంది.

అటువంటి కలప సామాన్యుడికి అందలేదు. హైదరాబాదు రాజ్యంలో 1355 ఫసలీ అటవీ చట్టం, దాని స్థానంలో వచ్చిన 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం అడవిలోని కలపను ప్రభుత్వపు ఆస్తిగా కాపాడాయి. కోత మిషన్లను 1969 నాటి నియమావళి, కలప రవాణాను 1970 నాటి నియమావళి కట్టడి చేశాయి. సొంత పొలంలోని చెట్టు కొట్టడానికి కూడా అనుమతి అవసరమని 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం చెప్పింది. గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12న ఇచ్చిన ఉత్తర్వు తరువాత దేశవ్యాప్తంగా అడవుల నరికివేతపై, కోత మిషన్లపై నిఘా బిగిసింది. అడవి నిలవాలంటే ఇవన్నీ కావలసినవే. కాని ఆచరణలో వీటి భారం అందరి మీద ఒకే తీరుగా పడలేదు. రసీదుతో కొనగల కామారెడ్డి వ్యాపారికి చట్టం ఒక కాగితం. అడవి అంచు గ్రామంలో మంచపు కోడు కోసం కొమ్మ కొట్టినవాడికి అది కేసు.

ఈ కారణంగానే ఈ ప్రాంతపు ఇంటి వడ్రంగం మొదటినుంచీ పాత కలప మీద ఆధారపడింది. పెంకుటిల్లు విప్పితే దూలాలు, వాసాలు, మొగురాలు, దర్వాజలు వస్తాయి. వాటిని మళ్లీ కోసి మంచాలు, బల్లలు చేసుకుంటారు. స్లాబు ఇళ్లు పెరిగినకొద్దీ విప్పిన కలప పెరిగింది. దశాబ్దాలు ఎండి స్థిరపడిన ఆ చెక్క, నేడు తోటల్లో తొందరగా పెరిగిన టేకు కంటె చాలా మేలు. 1990ల నాటి టేకుతోటల మోజు, 2015లో మొదలైన హరితహారం పంపిణీ వల్ల గట్ల మీద టేకు పెరిగింది గాని, చిన్నవయసు మానులో తెల్లచెక్క ఎక్కువ, చేవ తక్కువ.

5. బడి, గల్ఫు

చెక్కపనిని కులం నుంచి విడదీసి విద్యలో చేర్చాలన్న ఆలోచన ఆధునికమైనదే. స్వీడన్‌లో నాస్ అనే చోట ఒట్టో సాలమన్ 19వ శతాబ్దం చివర చేతిపని ద్వారా ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చాడు. ఆ ‘స్లాయిడ్’ పద్ధతి ప్రపంచమంతా వ్యాపించింది. గాంధీ 1937లో వార్ధాలో ప్రతిపాదించిన నయీ తాలీమ్‌కు రూపమిచ్చిన సంఘానికి అధ్యక్షుడు హైదరాబాదులో 1897లో జన్మించిన జాకిర్ హుస్సేన్. ఆ సంఘం సూచించిన మూలవృత్తుల్లో వడ్రంగం ఒకటి. 1977లో ఈశ్వర్‌భాయి పటేల్ సంఘం సూచించిన సమాజోపయోగ ఉత్పాదక కృత్యం కూడా ఈ కోవలోదే. పాఠ్యప్రణాళికలో చేరినంత సులువుగా ఇవి తరగతి గదిలో చేరలేదు. మార్కులు లేని పనికి మన బళ్లలో గంట కేటాయించరు.

బడి చేయలేనిది కొంత వలస చేసింది. 1970ల నుంచి నిజామాబాదు, కరీంనగర్ ప్రాంతాల నుంచి గల్ఫు దేశాలకు సాగిన వలసలో ‘కార్పెంటర్’ ఒక వీసా వర్గం. అక్కడ ఆ మాటకు ప్రధానార్థం కాంక్రీటు పోయడానికి చెక్క అచ్చులు కట్టే పని. ఏ కులంవారైనా ఆ పని నేర్చుకున్నారు. కొలతపట్టీ, మట్టపుగొట్టం, చేతి మిషను అలవాటైన చేతులు తిరిగివచ్చాక సొంత ఇంటికి అల్మారి బిగించుకోవడంలో వింత లేదు.

6. జిగురు, మెరుగు

సాంకేతికంగా ఔత్సాహికుడికి దారి వేసిన వస్తువు మిషను కంటె ముందు జిగురు. పాత పద్ధతిలో చర్మాలు, ఎముకలు కాచి తీసిన సరేసును నీళ్లగిన్నెలో మరో గిన్నె పెట్టి కరిగించి, వేడి ఆరకముందే అతకాలి. వాసన భరించాలి. 1959లో మొదలైన ఫెవికాల్ వంటి తెల్లజిగురు ఆ అవసరాన్ని తీసివేసింది. అయితే దీనికొక మూల్యం ఉంది. సరేసు అతుకును వేడితో, తడితో విడదీయవచ్చు. కనుక ఆ సామాను తరతరాలు విప్పి బిగించదగినది. తెల్లజిగురు అతుకు విడదీయబోతే చాలాసార్లు చెక్కే చీలుతుంది. మరమ్మతు దృష్టితో చూస్తే పాత పద్ధతే మెరుగైనది.

మెరుగు విషయమూ ఇంతే. మోదుగ, రేగు వంటి చెట్ల మీద పెరిగే లక్కపురుగు స్రావం నుంచి చంద్రస వంటి పొరలుగా తీసిన లక్క స్పిరిటులో కరుగుతుంది. భారతదేశం నుంచి ఐరోపాకు వెళ్లిన ఈ లక్క, గుడ్డ ఉండతో పలుచగా పదేపదే రుద్దే పద్ధతిగా మారి, ‘ఫ్రెంచ్ పాలిష్’ పేరుతో మన అడితికే తిరిగివచ్చింది. మన చెట్టు మీది సరుకుకు పరదేశీ పేరు తగిలించుకున్నందుకు ఎవరూ నొచ్చుకున్నట్లు లేదు. పాత కుర్చీ మెరుగు ఏదో తెలియాలంటే కనబడని చోట స్పిరిటులో తడిపిన దూదితో రుద్దాలి. జిగటగా మెత్తబడితే లక్క. కొత్త లక్కను దాని మీదే ఎక్కించవచ్చు. కదలకపోతే ఎనామెలు గాని, ఇటీవలి పాలియురెథేన్ గాని కావచ్చు. అప్పుడు గీకక తప్పదు. పాత రంగును పొడిగా గరుకు కాగితంతో రుద్దరాదు. గృహాలంకరణ రంగుల్లో సీసాన్ని 90 పీపీఎమ్‌కు పరిమితం చేసిన నియమాలు 2016లో వెలువడి 2017 నవంబరు నుంచి అమలయ్యాయి. అంతకుముందటి ఆకుపచ్చ, పసుపు పొరల ధూళిలో సీసం ఉండే అవకాశం ఉంది. పసిపిల్లలున్న ఇంట్లో అది ప్రమాదం.

7. పాత చెక్కను చదవడం

చరిత్రకారుడికి ఈ గీకుడు పని ఒక పఠనపద్ధతి. బల్ల అడుగున, సొరుగు వెనుక మెరుగు పెట్టని చోట్ల రంపపు గీతలు మిగిలి ఉంటాయి. ఒకరు పైన, ఒకరు కింద నిలిచి కోసిన చేతిరంపం గీతలు నిటారుగా, ఎడాపెడా దూరాల్లో ఉంటాయి. గుండ్రటి రంపం వంపుగీతలు వేస్తుంది. రంద చేతితో వేస్తే వేలికి తగిలే చిన్న అలలుంటాయి. మిషను అలలు సమదూరంలో ఉంటాయి. కమ్మరి మేకు చదరంగా, తీగమేకు గుండ్రంగా ఉంటుంది. గీతలు వంపుగా ఉండి మేకులు కమ్మరివైతే ఆ కలప రెండు కాలాలది అనుకోవాలి: మొదట దర్వాజగా, తరువాత బల్లగా.

అటువంటి బల్లకు పనిచేసేటప్పుడు ఒక నైతిక ప్రశ్న ఎదురవుతుంది. వడ్ల వృత్తి కుంగిన కాలంలోనే ఔత్సాహికుడు పెరిగాడు. ట్రాక్టరు నాగలిని, బండిని తొలగించింది. అచ్చుపోసిన ప్లాస్టిక్ కుర్చీ 1990ల నుంచి పీటను, చెక్కకుర్చీని తొలగించింది. ధాన్యపు కొలత ఆగిపోయింది. గోరటి వెంకన్న పల్లె పాట ‘కుబుసం’ చిత్రం ద్వారా జనంలోకి వెళ్లినప్పుడు అందులోని వృత్తుల వరుసలో వడ్రంగం ఉండటం యాదృచ్ఛికం కాదు. ఒకరు బతకలేక వదిలిన ఉలిని మరొకరు ఇష్టంతో అందుకున్నారు. నేర్చుకునే హక్కు అందరిదీ కావడం మేలే. కాని ఔత్సాహికుడు బల్ల చేసి ప్రదర్శించినప్పుడు అభినందన అందుకుంటాడు, వడ్లాయన అదే బల్ల చేసినప్పుడు ధర తగ్గించమంటారు. ఈ తేడా నైపుణ్యానిది కాదు.

మెరుగు పెట్టేవారు చేసే నిర్ణయాల్లోనూ ఇది కనిపిస్తుంది. దర్వాజ పైపట్టెకు తోరణం కట్టిన మేకుల రంధ్రాలు, గొళ్లెం రాసుకొని అరిగిన గుంట, కడప మీద పసుపు, కుంకుమల వల్ల లోపలికి ఇంకిన మరక, కుసిని గుర్తించడానికి వడ్లాయన ఉలితో పెట్టిన గంటు. లప్పం పెట్టి, గరుకు కాగితం వేసి వీటన్నిటినీ ఒక్క పూటలో చెరిపివేయవచ్చు. మొదటి మూడు ఆ ఇంట్లో బతికినవారివి. నాలుగోది, ఆ గంటు, దర్వాజ చేసిన మనిషి మిగిల్చిన ఒకే ఒక సంతకం. అది సాధారణంగా కుసి పక్కన, బిగించాక కనబడని ముఖాన ఉంటుంది, అతుకు విప్పినవారికి మాత్రమే దొరుకుతుంది.