మోరీయా కొండ నుంచి 61వ నంబరు రోడ్డుకు

పాట ఈలతో మొదలవుతుంది. పోలీసు సైరన్‌లా గొంతు పెంచుకుంటూ పైకి లేచి, జారిపోయే ఈల. 1965 ఆగస్టు 2న న్యూయార్క్‌లోని కొలంబియా స్టూడియోలో ‘హైవే 61 రీవిజిటెడ్’ రికార్డు చేస్తున్నప్పుడు, తోటి వాద్యకారుడు అల్ కూపర్ దగ్గరున్న ఈలను బాబ్ డిలన్ తన మెడలోని చట్రానికి, హార్మోనికా ఉండాల్సిన చోట తగిలించుకున్నాడు. వెనకాల మైక్ బ్లూమ్‌ఫీల్డ్ స్లైడ్ గిటార్. ఆ హోరులో వినిపించే మొదటి కథ ఆదికాండం 22వ అధ్యాయంలోది.

బైబిల్లో దేవుడు అబ్రాహామును కొడుకును బలి ఇమ్మంటాడు. అబ్రాహాము మారుమాట అనడు. తెల్లవారుజామునే లేచి గాడిదకు గంత కట్టి, కట్టెలు చీల్చి, మూడు రోజులు నడుస్తాడు. మోరీయా కొండెక్కేటప్పుడు కట్టెల మోపు ఇస్సాకు భుజాన ఉంటుంది. నిప్పు, కట్టెలు ఉన్నాయి, గొర్రెపిల్ల ఏదీ అని ఆ పిల్లవాడే అడుగుతాడు. శివుడడిగితే కన్నకొడుకునే వండిపెట్టిన చిరుతొండనంబి కథ వింటూ పెరిగిన మనకు ఆ ప్రశ్న ఎక్కడ తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు.

డిలన్ పాటలో అబ్రాహాము నోరు విప్పుతాడు. ముందు నమ్మడు, తనను ఆట పట్టిస్తున్నారనుకుంటాడు. దేవుడు గద్దించాక దారికొచ్చి, ఎక్కడ చంపమంటావని అడుగుతాడు. జవాబు: 61వ నంబరు రోడ్డు మీద. అంతే. కత్తి పట్టిన చేతిని ఆపే దేవదూత లేడు, పొదలో చిక్కుకున్న పొట్టేలు లేదు. ఇస్సాకు ఏమయ్యాడో చెప్పకుండానే పాట ఇంకొకరి కథలోకి వెళ్లిపోతుంది. ఈ పాటలో నన్ను ఇన్నేళ్లుగా వదలనిది ఆ చెప్పకపోవడమే.

ఆ రోడ్డు నిజమైనదే. డిలన్ 1941లో పుట్టిన దులూత్ మీదుగా, మిసిసిపీ నది వెంబడి సాగి న్యూ ఆర్లియన్స్ చేరేది. దక్షిణాది నల్లవాళ్ల బ్లూస్ పాటల్లో ఆ పేరు 1930ల నుంచే ఉంది. గాయని బెస్సీ స్మిత్ 1937లో ఆ రోడ్డు మీదే, క్లార్క్స్‌డేల్ దగ్గర కారు ప్రమాదంలో గాయపడి చనిపోయింది. ఈ పాట ఉన్న ఆల్బమ్‌కూ ఇదే పేరు పెట్టడానికి రికార్డు కంపెనీతో పోట్లాడాల్సి వచ్చిందని డిలన్ తర్వాత చెప్పాడు.

ఇక తండ్రి సంగతి. డిలన్ తండ్రి పేరు ఏబ్రమ్ జిమర్‌మన్. బైబిల్లో దేవుడు పేరు మార్చకముందు అబ్రాహాముదీ అదే పేరు. అంటే ఇస్సాకు స్థానంలో నిలబడి పాడుతున్నది ఎవరో ఊహించుకోవచ్చు.

రికార్డింగుకు సరిగ్గా ఐదు రోజుల ముందు, జులై 28న, అధ్యక్షుడు లిండన్ జాన్సన్ వియత్నాంలో సైన్యాన్ని 1,25,000కు, నిర్బంధ సైనిక భర్తీని నెలకు 17,000 నుంచి 35,000కు పెంచుతున్నట్టు ప్రకటించాడు. పాటలో వియత్నాం మాటే లేదు. కానీ చివరి చరణంలో విసుగెత్తిన జూదగాడొకడు ఇంకో ప్రపంచయుద్ధం పెట్టిద్దామని చూస్తాడు. ఆ పనికీ ఈ రోడ్డే అనువైన చోటు. ఆ వేసవిలో అమెరికాలో కొడుకులున్న ఇళ్లలో ఆ పాట ఎలా వినిపించి ఉంటుందో!

1991లో ఆ జాతీయ రహదారి ఉత్తరపు కొసను కత్తిరించారు. ఇప్పుడది దులూత్ దాకా రాదు. దులూత్ నుంచి కెనడా సరిహద్దు వరకూ ఉన్న పాత దారి రాష్ట్ర రహదారి అయింది. నంబరు మాత్రం 61గానే ఉంచారు.