కలమళ్ళ శాసనం చెప్పనిది

తెలుగు భాష వయస్సు చెప్పవలసి వచ్చినప్పుడల్లా పండితులు మా కమలాపురం ప్రాంతానికి రాక తప్పదు. పాపాఘ్ని పెన్నలో కలిసే ఈ మెట్టసీమ ఒకనాటి రేనాడు. పాత కమలాపురం తాలూకాలోని కలమళ్ళలో క్రీ.శ. 575 ప్రాంతంలో వెలసిన రేనాటి చోళుల శాసనమే ఇంతవరకు దొరికిన తెలుగు శాసనాల్లో మొదటిదని చరిత్రకారులు లెక్కిస్తున్నారు. ఎర్రగుడిపాడు శాసనం దాని వెన్నంటే వచ్చింది. ఈ సీమవాణ్ణి గనక నాకూ ఆ గర్వం ఉంది. అయితే గర్వం చరిత్ర కాదు. ఆ రాయి ఎవరిని గురించి చెబుతోంది, ఎవరిని గురించి చెప్పడం లేదు అని అడిగినప్పుడే చరిత్ర మొదలవుతుంది.

కలమళ్ళ రాతిమీద ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు రేనాడు ఏలుతున్నాడని ఉంది. నడుమ పంక్తులు అరిగిపోయాయి. చివర పంచమహాపాతకాల శాపం మిగిలింది. ఇచ్చిందేమిటో చెరిగిపోయి బెదిరింపు మాత్రం నిలిచిందన్నమాట! ఎర్రగుడిపాడులో ఉన్నది ‘పన్నస’, అంటే దానంగా ఇచ్చిన భూమి. పుచ్చుకున్నవాడు బ్రాహ్మణుడు, సాక్షులు రాజబిరుదులున్నవారు. ఆ భూమిని దున్నినవాడి పేరు లేదు. సంస్కృత ప్రాకృతాలు రాజ్యమేలే రోజుల్లో ఈ రాజులు తెలుగులో ఎందుకు రాయించారు? ఊళ్ళో నలుగురికీ తెలియవలసిన ఆజ్ఞ ఊరి భాషలోనే ఉండాలి గనక అని నా ఉద్దేశం. భాష ప్రజలది, విషయం పాలకులది.

ఇది మన ఒక్కరి విషయమే కాదు. సరిగ్గా ఆ కాలంలోనే అమెరికా ఖండం నడుమ మాయా రాజులు కూడా శిలలమీద రాయించుకుంటున్నారు. పాలెంకె నేలిన పకాల్ 603లో పుట్టి 683లో పోయాడు. మాయా ప్రజల పుస్తకాలను 1562లో స్పానిష్ మతాధికారి దియేగో దె లాండా కుప్పవేసి తగలబెట్టించాడు. నేడు మిగిలినవి నాలుగే. ఆ తరువాత శతాబ్దాలపాటు ఆ లిపి మూగపోయింది. అది నక్షత్రాలు లెక్కించుకునే పూజారుల గూఢలిపి అని పెద్ద పెద్ద విద్వాంసులు సైతం నమ్మారు. అది మనుషులు మాట్లాడే భాషకే రాత అని 1952లో సోవియట్ పండితుడు యూరీ క్నోరొజోవ్ చూపాడు. ఆ రాళ్ళమీద ఉన్నవి రాజుల పుట్టుకలూ పట్టాభిషేకాలూ అని 1960లో తాతియానా ప్రొస్కురియాకోఫ్ నిరూపించింది. రాయి నోరు విప్పింది సరే, ఏం చెప్పింది? రాజుల వంశావళులు, యుద్ధాలు, బందీలు. అక్కడా మొక్కజొన్న పండించినవాడి పేరు లేదు.

అయితే ఆ రైతును మరోచోట పట్టుకున్నారు. మాయా సీమకు దక్షిణపుటంచున, ఎల్ సాల్వడార్‌లో, 1976లో ధాన్యపు గాదెలు కట్టడానికి నేల చదును చేస్తుంటే బూడిద కింద ఒక ఇల్లు బయటపడింది. పేసన్ షీట్స్ అనే ఆచార్యుడు 1978 నుంచి తవ్వించగా ఒక పల్లె తేలింది. దాని పేరు హోయా దె సెరెన్. కలమళ్ళ శాసనానికి ఇంచుమించు సమకాలికం. అగ్నిపర్వతం పేలినప్పుడు జనం పారిపోయారు గాని సామాను తీసుకుపోలేకపోయారు. కడగని గిన్నెలు, కుండల్లో చిక్కుళ్ళు, సాళ్ళు తీర్చిన మొక్కజొన్న చేను, మిరపకాయలు, అన్నీ దొరికాయి. బూడిదలో మొక్క కుళ్ళి ఏర్పడ్డ బోలులో ప్లాస్టర్ పోసి ఆ మొక్క ఆకారాన్నే బయటికి తీశారు. రాజుపేరు లేదు. అయినా ఆనాటి ఇల్లాలు వంటకు ఏం సిద్ధం చేసుకుందో మనకు తెలుస్తోంది.

కాని కలమళ్ళ ఇల్లాలు ఏం వండిందో శాసనం చెప్పదు. ఒకటి మాత్రం నిశ్చయం. ఆమె సంగటిలోకి నూరిన కారం మిరపకాయది కాదు. మిరపా, మా మెట్టచేల వేరుశనగా 1492 తరువాతనే సముద్రాలు దాటి వచ్చాయి. పేరు తెలియని ఆ అమెరికా రైతుల సృష్టి మా పళ్ళెంలో రోజూ ఉంటుంది. ఏ తామ్రశాసనమూ ఆ దానాన్ని నమోదు చేయలేదు.

మా నేలలో అగ్నిపర్వతం లేదు, సెరెన్ వంటి ఊరు ఎలా దొరుకుతుందని ఎవరైనా అడగవచ్చు. నిజమే. కాని మాకు పాటిదిబ్బలున్నాయి. పాడుపడిన ఊళ్ళు మట్టిలో కలిసి దిబ్బలైనాయి. చిన్నతనంలో ఆ పాటిమన్ను బండ్లకెత్తి చేలకు తోలడం నేను కళ్ళారా చూశాను. బలమైన ఎరువు. పారకు పెంకులు తగిలేవి, బూడిద తగిలేది, ఎముకలు తగిలేవి. ఏరి గట్టున పారేసేవారు. మాలో ఎవరికీ అదొక గ్రంథమని తోచలేదు. మాడిన గింజ ఏ పంటో చెబుతుంది, ఎముక ఏ పశువో చెబుతుంది, పెంకు ఏ కాలమో చెబుతుంది. రైతును తప్పుపట్టడం అన్యాయం. అతనికి ఎరువు కావాలి, చదివి చెప్పేవాడు అతని దగ్గరికి వెళ్ళలేదు. లాండా పుస్తకాలను ద్వేషంతో తగలబెట్టించాడు. మనం మన పుస్తకాన్ని తెలియక చేలో చల్లుకుంటున్నాం.

శాసనం దొరికితే సభచేసి దండవేస్తాం. వేయవలసిందే. కాని ధనంజయుడి పేరు దొరికినంత మాత్రాన రేనాడు దొరికినట్టు కాదు. రాతిమీద చోటు దొరకనివాడు మట్టిలో ఉన్నాడు. ఆ మట్టి ఇంకా కొంత మిగిలే ఉంది.