ఇంటి దగ్గర కారు సస్పెన్షన్ పని: ఏది మనం చేసుకోవచ్చు, ఏది మెకానిక్‌కు వదలాలి

మాది హోసూరు. మన సంఘం సభ్యుల ఇళ్ళల్లో పది పన్నెండేళ్ళ నాటి కార్లే ఎక్కువ. ఏడాదికి రెండుసార్లు తిరుపతికో, కుప్పం వైపు చుట్టాల ఊళ్ళకో పోతాయి. మిగతా రోజులన్నీ ఊళ్ళోని గుంతలు, హంపుల మీదే. అలాంటి కారు ఎప్పుడో ఒకప్పుడు కింది నుంచి సద్దు చేయడం మొదలుపెడుతుంది.

మా కారూ అలాగే చేసింది. ఒక వర్క్‌షాపులో చూపిస్తే ముందు షాకులు రెండూ, ఆర్ములు రెండూ మార్చాలని వేలల్లో లెక్క రాసి ఇచ్చారు. మా వీధిలో బస్సు డిపోలో పనిచేసి రిటైరైన మెకానిక్ ఒకాయన ఉన్నారు. ఆయన కారులో మాతో ఒక చుట్టు తిరిగి, "షాకులు బాగానే ఉన్నాయన్నా, ఈ సద్దు లింక్ రాడ్డుది" అన్నారు. అది వందల్లో వచ్చే సామాను. ఆయన చూపిస్తుండగా మేమే మార్చాం. అప్పుడు నేర్చుకున్నదీ, ఆ తర్వాత చేసిన ఒక తప్పు వల్ల తెలిసిందీ ఇక్కడ రాస్తున్నాం.

భాగాలు, వాటి పనులు

బండి బరువు మోసేది స్ప్రింగు. స్ప్రింగు ఊగిసలాటను ఆపేది షాక్ అబ్జార్బర్. దాని లోపల నూనె ఉంటుంది. మన చిన్న కార్లలో ముందువైపు ఈ రెండూ ఒకే కట్టుగా ఉంటాయి. ఆ అమరికను రూపొందించిన అమెరికా ఇంజనీరు ఎర్ల్ మాక్‌ఫెర్సన్ పేరుతో దాన్ని మాక్‌ఫెర్సన్ స్ట్రట్ అంటారు. చక్రాన్ని కింది నుంచి బాడీకి పట్టి ఉంచేది లోయర్ ఆర్మ్. దానికి లోపలి చివర రబ్బరు బుష్‌లు, చక్రం వైపు బాల్ జాయింట్ ఉంటాయి. మలుపులో బండి ఒక పక్కకు ఒరగకుండా ఆపేది స్టెబిలైజర్ బార్. ఆ బారును స్ట్రట్‌కు గానీ ఆర్మ్‌కు గానీ కలిపే జానెడు కడ్డీయే లింక్ రాడ్డు. కొన్ని చిన్న కార్లలో ఈ రాడ్డు ఉండదు. సోలాపూరులో మరాఠీ మెకానిక్‌తో మాట్లాడినా, బరంపురంలో ఒడియా మెకానిక్‌తో మాట్లాడినా ఈ పేర్లతోనే అడగవచ్చు.

ఏది అరిగిందో తెలుసుకోవడం

1. చిన్న గుంతల్లో నెమ్మదిగా పోతున్నప్పుడు టకటకమంటే ముందు లింక్ రాడ్డును అనుమానించాలి. రాడ్డును చేత్తో పట్టుకుని ఆడించినప్పుడు వదులుగా కదిలితే అదే కారణం.

2. కారు మూలను గట్టిగా కిందికి నొక్కి వదలండి. ఒకసారి లేచి కుదురుకుంటే షాకు బాగున్నట్టు. రెండు మూడుసార్లు ఊగితే అరిగినట్టు. షాకు ఒంటి మీద నూనె కారిన తడి కనబడినా, టైరు మీద అక్కడక్కడా గుంటలుగా అరిగినా అదే గుర్తు. అరిగిన షాకుతో చక్రం రోడ్డును సరిగా అంటదు, బ్రేకు వేస్తే బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. ఇది కుదుపుల బాధ మాత్రమే కాదు, ప్రాణాలకు సంబంధించిన విషయం.

3. బ్రేకు వేసినప్పుడు ముందునుంచి దడ్‌మని ఒక్క దెబ్బ వినబడినా, బండి ఒక పక్కకు లాగినా ఆర్మ్ బుష్‌లు చూపించాలి.

4. లేపిన ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడుతున్నదా? బాల్ జాయింట్ గానీ బేరింగు గానీ పోయినట్టు. ఎడమా కుడీ పట్టుకుని ఊపితే ఆడుతున్నదా? స్టీరింగు రాడ్డు చివర వదులైనట్టు. ఈ రెంటిలో ఏది కనబడినా ఆ బండిలో దూరప్రయాణం వద్దు. బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకు ఒరిగి బండి అక్కడే కూలబడుతుంది.

మనం చేసుకోగలిగినవి, చేయకూడనివి

లింక్ రాడ్డు, స్ప్రింగుతో కలవకుండా విడిగా ఉన్న వెనుక షాకు: ఈ రెండే ఇంట్లో చేసుకోవచ్చు. స్విఫ్ట్, డిజైర్ లాంటి కార్లలో వెనుక షాకు అలా విడిగానే ఉంటుంది.

ముందు స్ట్రట్‌ను మాత్రం విప్పవద్దు. దానిలో స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది. సరైన పనిముట్టుతో స్ప్రింగును బిగించకుండా పై నట్టు తీస్తే అది తుపాకి గుండులా ఎగిరి వస్తుంది. బాల్ జాయింట్‌కు, ఆర్మ్ బుష్‌కు ప్రెస్సు కావాలి, తర్వాత అలైన్‌మెంట్ కావాలి. అవి వర్క్‌షాపు పనులే. వారంటీలో ఉన్న బండిని అసలు ముట్టుకోవద్దు.

మా తప్పు

లింక్ రాడ్డు మార్చిన ధైర్యంతో కొన్నాళ్ళకు వెనుక షాకుల పని మొదలుపెట్టాం. కారుతో వచ్చిన జాకీ ఒక్కటే పెట్టి, ముందు చక్రాలకు అడ్డు పెట్టకుండా బండి లేపాం. చక్రం విప్పి స్పానర్ కోసం లేచిన నిమిషంలో జాకీ ఒరిగింది, బండి నేలకు కొట్టుకుంది. అంతకు ముందు క్షణం దాకా మా చేయి అక్కడే ఉంది. లోపల వంట చేస్తున్న మా ఇంటావిడ ఆ చప్పుడు విని బయటికి పరుగెత్తుకొచ్చింది. ఆ రోజు నుంచి ఈ నియమాలు తప్పడం లేదు.

- చదునైన గట్టి నేల మీదే పని. మట్టి నేల, వాలు పనికిరావు.
- నేల మీద ఉండే చక్రాలకు రెండువైపులా అడ్డుకట్టెలు పెట్టాలి. మన చిన్న కార్లలో హ్యాండ్‌బ్రేకు వెనుక చక్రాలను పడుతుంది, గేరు ముందు చక్రాలను పడుతుంది. వెనుక లేపితే హ్యాండ్‌బ్రేకును నమ్మకండి.
- జాకీ లేపడానికే. బరువు ఆపడానికి ఇనుప జాక్ స్టాండ్లు కావాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు ఉన్నట్టుండి పగులుతాయి.
- విప్పిన చక్రాన్ని కారు అంచు కింద పడుకోబెట్టండి. బండి జారినా దాని మీద ఆగుతుంది.
- పక్కన మరో మనిషి లేకుండా మొదలుపెట్టవద్దు.

లింక్ రాడ్డు మార్చే పద్ధతి

ముందురోజు రాత్రి నట్ల మీద తుప్పు వదిలించే నూనె కొట్టండి. చక్రం నట్లను బండి నేల మీద ఉండగానే కొంచెం వదులు చేయండి. తర్వాత ముందు చక్రాలు రెండింటినీ లేపి స్టాండ్ల మీద నిలపండి. ఒక్కపక్కే లేపితే స్టెబిలైజర్ బార్ మెలిపడి రాడ్డు బిగుసుకుపోతుంది. నట్టుతో పాటు బోల్టు కూడా తిరుగుతుంటే దాని చివర ఉన్న గాడిలో అలెన్ కీ పెట్టి కదలకుండా పట్టుకోండి. పాత రాడ్డును కొత్తదాని పక్కన పెట్టి పొడవు సరిచూసుకున్నాకే బిగించండి. కొత్త రాడ్డుతో వచ్చిన నట్లనే వాడండి. రెండోపక్క రాడ్డు కూడా అప్పుడే మార్చడం మంచిది. ఈ పనికి అలైన్‌మెంట్ అక్కరలేదు.

వెనుక షాకు మార్చే పద్ధతి

బండిని స్టాండ్ల మీద నిలిపాక, వెనుక ఇరుసు కింద మరో జాకీ పెట్టి కొంచెం ఎత్తి పట్టండి. ఇరుసు మరీ కిందికి జారకుండా ఆపేది షాకే. ఆధారం లేకుండా దాన్ని విప్పితే ఇరుసు జారి బ్రేకు గొట్టం లాగుకుంటుంది, స్ప్రింగు ఊడవచ్చు. ఒకపక్క పూర్తయ్యాకే రెండోపక్క విప్పండి. షాకులు ఎప్పుడూ జతగానే మార్చాలి. కొన్ని కార్లలో పై నట్టు డిక్కీ లోపల ఉంటుంది.

రబ్బరు బుష్ ఉన్న బోల్టును బండి గాలిలో ఉండగా పూర్తిగా బిగించకూడదు. చేతితో పట్టించి, ఇరుసును జాకీతో బండి నిలిచే ఎత్తుకు లేపాక చివరి బిగింపు ఇవ్వాలి. లేకపోతే రబ్బరు మెలిపడి త్వరలోనే చిరుగుతుంది. బిగింపు ఎంతో బండి మాన్యువల్‌లో ఉంటుంది, టార్క్ రెంచ్‌తో ఆ లెక్కకే బిగించండి. చక్రం నట్లను ఎదురెదురుగా బిగించి, 100 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి చూడండి.

సామాను కొనేటప్పుడు

బెంగళూరు జె.సి. రోడ్డులో కొన్నా, మన ఊరి కొట్లో కొన్నా బండి మోడలు, తయారైన సంవత్సరం చెప్పి, బిల్లు అడిగి తీసుకోండి. చెన్నై పుదుప్పేట లాంటి చోట్ల పాత సామాను చవకగా దొరుకుతుంది. డోరుకూ అద్దానికీ అది సరే, షాకుకూ బాల్ జాయింట్‌కూ వద్దు.

గుమాస్తాగా పనిచేసినవాళ్ళం, రాసిపెట్టడం మా అలవాటు. ఏ భాగం, ఏ తేదీ, ఎన్ని కిలోమీటర్ల దగ్గర మార్చామో డాష్‌బోర్డులో ఒక చిన్న నోటుపుస్తకంలో ఉంచాం. ఇప్పుడు వర్క్‌షాపులో ఎవరు ఏం మార్చాలన్నా ముందు ఆ పుస్తకం తీస్తాం. మా జాక్ స్టాండ్లు, టార్క్ రెంచ్ సంఘం కార్యాలయంలోనే పెట్టాం. హోసూరు సభ్యులు రిజిస్టరులో సంతకం చేసి తీసుకుపోవచ్చు.