విసిగించే రోగికి పరిచర్య: ఓర్పు నుంచి చేయూత దాకా

రోగులకు పరిచర్య చేయడం క్రైస్తవంలో మొదటి నుంచీ ఉన్నదే. కానీ ఆ రోగి కసురుతూ, సాధిస్తూ, ఎంత చేసినా వంకలు పెడుతుంటే ఏం చేయాలి? ఈ ప్రశ్నకు ఒక్కో కాలం ఒక్కో జవాబు చెప్పింది.

6వ శతాబ్దంలో ఇటలీకి చెందిన బెనెడిక్ట్ తన మఠ నియమావళిలో 36వ అధ్యాయాన్ని రోగులకే కేటాయించారు. రోగిని క్రీస్తుగానే ఎంచి సేవించాలన్నారు. రోగులకూ ఒక మాట చెప్పారు: అతి కోరికలతో సేవకులను నొప్పించకూడదని. నొప్పించినా సేవకులు ఓర్చుకోవాలని. అంతటితో ఆగక రోగులకు వేరే గది, దైవభక్తి గల పరిచారకుడు, అవసరమైనప్పుడల్లా స్నానం, నీరసించినవారికి మాంసాహారం ఏర్పాటు చేశారు.

తర్వాతి కథల్లో ఓర్పుదే పైచేయి. 14వ శతాబ్దంలో సియెనా కేథరిన్ కుష్ఠు సోకిన ఒక స్త్రీకి సేవ చేస్తే, ఆ రోగి నుంచి దక్కినవి ఎత్తిపొడుపులే. తల్లి లాపా వద్దని మొత్తుకున్నా కేథరిన్ మానలేదు. ఆ రోగి కన్నుమూశాక శవానికి స్నానం చేయించి, తన చేతులతోనే పాతిపెట్టిందని కేథరిన్ చరిత్ర రాసిన రేమండ్ చెబుతారు.

19వ శతాబ్దం చివర్లో, ఫ్రాన్స్‌లోని లిసియూ కార్మెల్ మఠంలో తెరేసమ్మ అనే యువ సన్యాసిని ఒక వృద్ధ సన్యాసినిని రోజూ సాయంత్రం భోజనశాలకు నడిపించే పని కోరి తీసుకుంది. వేగంగా నడిస్తే పడేస్తావంటుంది, మెల్లగా నడిస్తే చెయ్యి వదిలేశావంటుంది ఆ పెద్దావిడ. కూర్చోబెట్టి, అంగీ చేతులు మడిచి తెరేసమ్మ వెళ్లిపోయేది. ఒకనాడు ఆవిడ రొట్టె కోసుకోలేక అవస్థపడటం చూసింది. అప్పటి నుంచి అడగకుండానే ముక్కలు కోసిపెట్టి, ఒక నవ్వు నవ్వి వెళ్లేది. ముసలామె మనసు దానికే కరిగింది.

రోగి కసురు వెనకున్న బాధ ఎక్కడి నుంచి వస్తుందో వెతికినవారు సిసిలీ సాండర్స్. నర్సుగా మొదలై డాక్టరైన ఈ విశ్వాసి 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచారు. రోగి బాధ ఒంటిది మాత్రమే కాదని, మనసుకూ కుటుంబానికీ ఆత్మకూ సంబంధించినదని ఆమె బోధించారు. నొప్పి ముదిరేదాకా ఆగకుండా వేళకు మందిచ్చారు. రోగితోపాటు ఇంటివాళ్లనూ పట్టించుకున్నారు.

ఈ చరిత్ర తేల్చేది ఒక్కటే: ఓర్పు అవసరమే, కానీ ఆ భారమంతా ఒక్కరి నెత్తిన పెట్టడం ప్రేమ కాదు. మంచాన పడిన అత్తగారి మాటలు పడుతూ చాకిరీ చేసే కోడలు మన సంఘంలోనూ ఉంటుంది. ప్రార్థన చేసి వచ్చేయకండి. వారానికి ఒక పూట ఆ మంచం పక్కన మీరు కూర్చోండి, ఆ కోడలిని కాసేపు నిద్రపోనివ్వండి.