బటన్‌లా కనిపిస్తే బటన్ అయిపోతుందా? హెచ్‌టీఎంఎల్ ట్యాగుల కథ

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర స్కైవాక్ తెలుసు కదా, 2023 జూన్‌లో మొదలైంది. దాని మీద బోర్డులన్నీ తీసేశారనుకోండి. మెట్రోకి ఎటు? వరంగల్ బస్సుకి ఏ మెట్లు దిగాలి? అలవాటైనవాళ్లు వెళ్లిపోతారు, కొత్తవాళ్లు అక్కడే ఆగిపోతారు. ఈరోజు ఎపిసోడ్ వెబ్ పేజీల్లో ఉండే అలాంటి బోర్డుల గురించే.

కాలేజీ రోజుల్లో నాచారంలో ఒక కోచింగ్ సెంటర్‌కి నేను వెబ్‌సైట్ చేసిపెట్టాను. అంతా డివ్‌లే. డివ్ అంటే ఉత్త డబ్బా, లోపల ఏముందో అది చెప్పదు. 'అప్లై' అని ఆకుపచ్చ డబ్బా ఒకటి పెట్టా. మౌస్‌తో నొక్కితే బాగానే పనిచేసింది. చూపు లేని మా ఫ్రెండ్ ఒకడు ఎన్‌వీడీఏతో, అంటే తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో, ఆ పేజీ తెరిచాడు. ట్యాబ్ కీ ఎన్నిసార్లు నొక్కినా ఆ డబ్బా మీద ఆగలేదు. "ఫారం అంతా నింపేశా, అప్లై ఎక్కడరా?" అన్నాడు. ఆ రోజే లాస్ట్ డేట్. చివరికి నేనే నొక్కి పంపించా. వాడు ఒక్క మాట అనలేదు కానీ, నాకు మాత్రం సిగ్గేసింది.

ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 1991లో టిమ్ బెర్నర్స్-లీ రాసిన పట్టికలో 18 ట్యాగులే. శీర్షిక, పేరా, జాబితా, చిరునామా... ఎక్కువ భాగం 'ఇది ఏమిటి' అని చెప్పేవే. తర్వాత బ్రౌజర్ల పోటీలో రంగు, సైజు మార్చే ఫాంట్ ట్యాగ్ వచ్చింది. పేజీ అమరిక కోసం టేబుళ్లు వాడేశారు. 1997 డిసెంబరులో హెచ్‌టీఎంఎల్ 4 వచ్చి, అందం సంగతి సీఎస్ఎస్‌కి వదిలేయమంది. అప్పుడు డెవలపర్లు టేబుళ్లు మానేసి డివ్‌ల మీద పడ్డారు!

2005లో గూగుల్‌లో ఇయాన్ హిక్సన్ 100 కోట్లకు పైగా పేజీలను పరిశీలించాడు. జనం పెట్టుకున్న క్లాస్ పేర్లలో ఫుటర్, మెనూ, హెడర్, నావ్ లాంటివి ముందు వరుసలో ఉన్నాయి. అంటే బోర్డు కావాలని అందరికీ తెలుసు, కానీ మెషిన్‌కి అర్థం కాని చోట రాసుకుంటున్నారు. 2014 అక్టోబర్ 28న డబ్ల్యూ3సీ ఆమోదించిన హెచ్‌టీఎంఎల్5లో హెడర్, నావ్, ఆర్టికల్, సెక్షన్, ఫుటర్ అసలు ట్యాగులయ్యాయి.

గొడవ అక్కడితో ఆగలేదు. సెక్షన్ లోపల సెక్షన్ పెడితే శీర్షికల స్థాయిని బ్రౌజరే లెక్కగట్టుకుంటుందని నిబంధనల్లో రాశారు. బ్రౌజర్లు దాన్ని సరిగ్గా అమలు చేయనేలేదు. నమ్మి అన్నిటికీ హెచ్1 పెట్టినవాళ్ల పేజీల్లో ఏది పెద్ద శీర్షికో, ఏది చిన్నదో వినేవాళ్లకి తెలియలేదు. 2022లో ఆ పద్ధతినే తీసేశారు. అందుకే నా మాట ఇది: సెక్షనా, ఆర్టికలా అని రాత్రంతా కొట్టుకోనక్కర్లేదు. అవతలివాళ్లకి అందిందా లేదా అన్నదే పరీక్ష.

ఇది మర్యాద విషయం మాత్రమే కాదు. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది.

ఆ రోజు నేను డివ్ తీసి బటన్ ట్యాగ్ పెట్టడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మీరు చేసిన సైట్ ఏదైనా ఉంటే ఒకసారి మౌస్ పక్కన పెట్టి, ట్యాబ్ కీ నొక్కుతూ చివరిదాకా వెళ్లి చూడండి. ఎక్కడ ఆగిపోయారో కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం.