మన సీమ పదప్రియులు

షాద్‌నగరు పేరే ఒక మాటకు స్మారకము. హైదరాబాదు రాజ్యమునకు రెండు పర్యాయములు ప్రధానమంత్రిగా నుండిన మహారాజా కిషన్‌ప్రసాదు ఉర్దూ, పారసీ భాషలలో కవిత్వము చెప్పెడివారు. ఆయన కలంపేరు 'షాద్'. పారసీలో ఆ మాటకు సంతోషము గలవాడని యర్థము. ఆ కలంపేరే మన పట్టణమునకు పేరైనదని ప్రసిద్ధి. ఒక కవి తనకై యేరుకొన్న మాట, నేడు రైలు దిగువారి నోటను, సంతకు వచ్చువారి నోటను నిత్యము నలుగుచున్నది. మన గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిండించుకొన్న ఈ శుభవేళ, అరుదైన మాటలను ఆజన్మాంతము ప్రేమించి, నేర్చి, వాడిన ఈ సీమవారిని స్మరించుట ఉచితమని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మొదట స్మరింపదగినవాడు కాకునూరి అప్పకవి. కాకునూరు మనకు దూరపుటూరు కాదు, కేశంపేట మండలములోనిది. అప్పకవి యింటిపేరు ఆ గ్రామమునుండియే వచ్చినదని పండితులు చెప్పుదురు. ఆయన పల్నాటి సీమలోని కామేపల్లి యందుండి, 1656 ప్రాంతమున 'అప్పకవీయము'ను రచించెను. నన్నయభట్టు పేర ప్రసిద్ధమైన 'ఆంధ్రశబ్దచింతామణి' యను సంస్కృత సూత్రగ్రంథమునకు తెనుగు పద్యములలో వ్రాసిన వివరణమది. యతిప్రాసల సంగతి తెలియగోరువారు మూడువందల యేండ్లకు పైగా ఆ గ్రంథమును తిరుగవేయుచునే యున్నారు. అందున్నది లక్షణ మొక్కటియే కాదు. మాటల సేకరణము గూడ. ఏ మాటలో రేఫము, ఏ మాటలో శకటరేఫము అను భేదము జనుల నోట మాసిపోగా, ఆ భేదము తెలియునట్లు మాటలను ఏర్చి కూర్చెను. ప్రయోగములకు పూర్వకవుల పద్యములను సాక్ష్యముగా నిలిపెను. అట్లు నిలుపుటచేతనే, నేడు దొరకని కావ్యములలోని పద్యములు కొన్ని మనకు మిగిలినవి. మాటను కాపాడబోయి ఆయన కావ్యములను గూడ కొంత కాపాడెను.

రెండవవారు బూర్గుల రామకృష్ణారావుగారు. వారి యింటిపేరు పుల్లంరాజు. కాని షాద్‌నగరు చెంతనున్న బూర్గుల గ్రామము పేరే వారికి స్థిరపడినది. 1899లో జన్మించిన వారి బాల్యమునాటికి ఈ రాజ్యమున కచ్చేరీ భాష ఉర్దూ. 1884కు ముందు పారసీ. తెనుగు ఇంటిలో మాటలాడుకొను భాషగా మాత్రమే మిగిలియుండెను. 1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కార సభలో అల్లంపల్లి వేంకటరామారావుగారు తెనుగున ప్రసంగింపబోగా, సభలో కొందరు గేలిచేసి అడ్డుపడిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. దాని స్థాపనలో పాల్గొన్నవారిలో బూర్గులవారొకరు. అయినను వారు పరభాషలపై పగబూనలేదు. తెనుగు, సంస్కృతము, ఉర్దూ, పారసీ, మరాఠీ, కన్నడము, ఇంగ్లీషు భాషలను శ్రద్ధతో నేర్చిరి. జగన్నాథ పండితరాయల లహరులను 'పండితరాజ పంచామృతము' అను పేర తెనిగించిరి. 1952లో షాద్‌నగరు నుండి శాసనసభకు ఎన్నికై, హైదరాబాదు రాష్ట్రమునకు ముఖ్యమంత్రియై, రాజ్యభారము మోయుచున్న దినములలోను సారస్వతమును విడువలేదు.

మూడవవారు సురవరము ప్రతాపరెడ్డిగారు. వారి స్వగ్రామము అలంపురము తాలూకాలోని ఇటిక్యాలపాడు. 2016లో షాద్‌నగరు రంగారెడ్డి జిల్లాలో చేరినది గాని, అంతకుముందు వారి సీమయు మన సీమయు పాలమూరు జిల్లాయే. 1926లో 'గోలకొండ పత్రిక'ను నెలకొల్పిరి. తెలంగాణమున కవులు లేరన్న యాక్షేపణకు బదులుగా, 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక'ను వెలయించిరి. 1949లో వెలువడిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' వారి శబ్దప్రీతికి తార్కాణము. రాజుల యుద్ధములను ప్రక్కకు నెట్టి, జనులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి అని వారు ప్రశ్నించిరి. సమాధానమునకు కావ్యములలోని అరుదైన మాటలను వెదకిరి. నిఘంటువు తెరచిన, ఒక మాటకు 'క్రీడావిశేషము' అనియు, మరియొక మాటకు 'భక్ష్యవిశేషము' అనియు మాత్రమే యుండును. ఆ యాట ఎట్లాడుదురు? ఆ వంట ఎట్లు వండుదురు? పండితునికి తెలియని జవాబు పల్లెవానికి తెలిసియుండవచ్చును. పొత్తములలో చచ్చిన మాట పొలముగట్టున బ్రతికియుండునని వారెరుగుదురు. వారు 1953లో గతించిరి. 1955లో ఆ గ్రంథమునకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది.

అరుదైన మాటలు వాడుట పాండిత్యప్రదర్శన మని కొందరందురు. ఎదుటివానిని చిన్నబుచ్చుటకు వాడిన, అది నిజమే. కాని పై మువ్వురు మాటను ఆభరణముగా గాక, ఆధారముగా చూచిరి. ఒక మాట పోయిన, అది చూపించుచుండిన వస్తువో, పనియో, బంధుత్వమో మన కంటికి మరుగగును.

ఆ మరుగు మన యెదుటనే జరుగుచున్నది. కరెంటు మోటార్లు వచ్చి మోటబావులు పోయినవి. వానితో మోట, మోకు, తొండము, గిలక అను మాటలు పిల్లలకు తెలియకున్నవి. 1956లో కొత్త తూనికలు కొలతల చట్టము వచ్చిన పిదప సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచము క్రమముగా గడప దాటిపోయినవి. మన ముసలమ్మలు మేఘమును మొగులనియు, తెలివిడిని ఎరుక యనియు, తోడికోడలిని ఏరాలనియు అందురు. ఇవి మోటుమాటలని బడిపిల్లలు సిగ్గుపడుచున్నారు. కాని ఇవి మన పూర్వుల నిఘంటువుల కెక్కిన మాటలే! రైతుల నోటి మాటలకు విలువ కట్టియే, 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వ్యవసాయపదములతో మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటమును వెలువరించినది. దానిని సంపాదించినవారు భద్రిరాజు కృష్ణమూర్తిగారు.

కావున పాఠక మహాశయులకు ఒక విన్నపము. మన గ్రంథాలయపు బల్లపై ఒక తెల్లకాగితముల పుస్తకము నుంచుదము. కుమ్మరి, సాలె, కమ్మరి, గొల్ల, కాపు, ఎవరు వచ్చినను తమ పనిలోని మాట నొకదానిని చెప్పవలెను. చదువరి దానిని అర్థముతో వ్రాయవలెను. వ్రాసి యూరకుండక, ఇంట పిల్లలతో ఆ మాటను ఆడవలెను. వాడని కత్తివలె వాడని మాటయు తుప్పు పట్టును. గ్రంథాలయమున కింతకాలము పుస్తకము లూరిలోనికి వచ్చినవి. ఇకమీద ఊరి మాటలు పుస్తకములోనికి రావలెను.